‘మన సేతిల ఏటుంది?’: ఆ మాటకి మార్కులు వేయడం ఎలా

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి 240 దగ్గర నిలిచారు. చివరి ప్రయత్నానికి 137.5 కిలోలకి వెళ్ళారు. అది లేస్తే బంగారం. లేవలేదు. చైనా, హంగరీ లిఫ్టర్లిద్దరూ 242.5 కిలోలతో సమానంగా ఉంటే ఒంటి బరువు తక్కువగా ఉన్న చైనా అమ్మాయికి స్వర్ణం వెళ్ళింది. మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే.

ఆ రెండున్నర కిలోలు ఎందుకు తగ్గాయని శ్రీకాకుళంలో ఏ టీ కొట్టు దగ్గరైనా అడగండి. ‘ఆ రోజుకి ఒంట్లో బలం అంతే’ అంటాడొకడు. ‘ఒక్కసారే ఏడున్నర కిలోలు పెంచడమేటి, లెక్క తప్పారు’ అంటాడు ఇంకొకడు. ‘అవతల పోటీ అలాంటిది మరి’ అంటాడు మూడోవాడు. నాలుగోవాడు తేల్చేస్తాడు: ‘రాసి లేదు.’ జరిగింది ఒకటే, చూసింది ఒకటే, కారణాలు మాత్రం నాలుగు. మనిషి తన గెలుపోటములకి కూడా ఇలాగే ఏదో ఒక కారణం చెప్పుకుంటాడు. కొందరు ఎప్పుడూ లోపలికి చూసుకుంటారు, కొందరు ఎప్పుడూ బయటికి చూపిస్తారు. ఈ మొగ్గుని కొలవాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు డెబ్భై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. ‘లోకస్ ఆఫ్ కంట్రోల్’ అన్న పేరుతో బీఈడీ, ఎంబీఏ పుస్తకాల్లో కనిపించేది ఇదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ నమ్మకాన్ని కొలవడం సాధ్యమే, అవసరం కూడా. కానీ దాన్ని ఒకే ఒక్క అంకెగా మార్చి, ఆ అంకెతో మనిషికి ‘ధైర్యవంతుడు’ అనో ‘విధివాది’ అనో ముద్ర వేస్తే, ముఖ్యంగా మన శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లో, కొలిచింది మనిషినా అతని పరిస్థితినా అన్నది తెలియకుండా పోతుంది.

కొలత ఎక్కడ మొదలైంది

జూలియన్ రోటర్ 1916లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసి, తర్వాత కనెక్టికట్ వెళ్ళాడు. 1954లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇది: ఒక పని చేయాలా వద్దా అన్నది ఆ ఫలితాన్ని మనం ఎంతగా కోరుకుంటున్నాం, చేస్తే వస్తుందన్న నమ్మకం ఎంత ఉంది అన్న రెండిటి మీదా ఆధారపడుతుంది. అయితే రోటర్‌నీ ఆయన శిష్యుల్నీ ఒక విషయం తికమక పెట్టింది. వరుసగా గెలుస్తున్నా కొందరికి నమ్మకం పెరగదు. ‘ఈసారికి ఏదో కలిసొచ్చింది’ అని ఊరుకుంటారు.

శిష్యుల్లో ఒకడైన జెర్రీ ఫేర్స్ 1957లో దీన్ని పరీక్షించాడు. చేయించిన పని అందరికీ ఒకటే. కొందరితో ‘ఇది నైపుణ్యానికి సంబంధించిన పని’ అన్నాడు, మిగతావాళ్ళతో ‘ఇదంతా లక్కు’ అన్నాడు. నైపుణ్యం అనుకున్నవాళ్ళు గెలిచినప్పుడు తర్వాతి ప్రయత్నం మీద ఆశ బాగా పెంచుకున్నారు, ఓడినప్పుడు బాగా తగ్గించుకున్నారు. లక్కు అనుకున్నవాళ్ళ అంచనా పెద్దగా కదల్లేదు. అనుభవం నుంచి నేర్చుకోవాలంటే అనుభవం ఒక్కటే చాలదు, అది తన వల్లే జరిగిందన్న లెక్క కూడా ఉండాలి. ఈ మొత్తం రంగానికి పునాది ఈ పరిశీలనే. దీని మీద తర్వాత పేరుకున్న మోటివేషన్ కబుర్లన్నీ పక్కన పెట్టినా ఇది మాత్రం గట్టిగా నిలబడుతుంది.

1966లో రోటర్ తన ప్రశ్నావళిని ప్రచురించాడు. అందులో 29 జతల వాక్యాలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి ఎంచుకుని తీరాలి. వాటిలో 6 జతలు అసలు ఉద్దేశం బయటపడకుండా కలిపినవి, వాటికి మార్కులు లేవు. మిగతా 23 జతల్లో ‘బయటి’ వాక్యాన్ని ఎంచుకున్న ప్రతిసారీ ఒక మార్కు. అంటే స్కోరు 0 నుంచి 23 దాకా. ఎక్కువ వచ్చినకొద్దీ ‘నా జీవితం నా చేతిలో లేదు’ అన్నట్టు.

ఆ పద్ధతిలో మన వైపు రైతు కోసం నేనొక జత అల్లి చూపిస్తాను. మొదటి వాక్యం: ‘పంట బాగా పండిందంటే రైతు అదనుకి పనులు చేశాడని అర్థం.’ రెండోది: ‘వాన వేళకి పడితే పంట, లేకపోతే లేదు; మిగతావన్నీ పేరుకే.’ మెట్టలో ఎకరా రెండెకరాలు చేసుకునే మనిషికి ఇది చదివి వినిపించండి. ‘రెండూ నిజమే కదా బాబూ’ అంటాడు. ప్రశ్నావళిలో ఆ జవాబుకి గడి లేదు. ఒకటి ఎంచుకోమని బలవంతపెట్టడానికి కారణం మాత్రం ఉంది. వాక్యాలు విడివిడిగా ఇస్తే చాలామంది అన్నిటికీ తలూపేస్తారు. ఏది గౌరవంగా వినిపిస్తే దానికే టిక్కు పెడతారు. జత కట్టి, రెండూ సమానంగా మర్యాదగా వినిపించేట్టు రాస్తే ఆ బెడద కొంత తగ్గుతుంది. కొంతే.

రోటర్ తన స్కోరుని ‘సాధారణ అంచనా’ అన్నాడు. ఇది చాలామంది మరిచిపోయే మాట. కొత్త చోట, కొత్త పనిలో, ముందు అనుభవం లేనప్పుడు మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పడానికి ఆ అంకె పనికొస్తుంది. బాగా తెలిసిన పనిలో ఆ పని తాలూకు అనుభవమే నిర్ణయిస్తుంది. నలభై ఏళ్ళు వేట చేసిన మత్స్యకారుడు రేపు సముద్రంలోకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఆయనకి రోటర్ స్కోరు ఎంతొచ్చిందన్నది దాదాపు అనవసరం. 1975లో రోటరే ఒక వ్యాసం రాసి, తన ప్రశ్నావళిని జనం ఎలా అపార్థం చేసుకున్నారో ఏకరువు పెట్టాడు. ‘లోపలి’ అంటే మంచి, ‘బయటి’ అంటే చెడు అన్న అభిప్రాయం మీద ఆయన అభ్యంతరం అందులో గట్టిగానే ఉంది. ఎవరు విన్నారు?

వినకపోవడానికీ ఒక కారణం ఉంది. తొలి ఫలితాలు అంత ఆకర్షణీయంగా వచ్చాయి. 1962లో సీమన్, ఎవాన్స్ అనే ఇద్దరు టీబీ ఆసుపత్రిలోని రోగుల్ని అడిగితే, లోపలి మొగ్గు ఉన్నవాళ్ళకి తమ జబ్బు గురించి ఎక్కువ తెలుసని తేలింది. 1966లో అమెరికా ప్రభుత్వానికి జేమ్స్ కోల్‌మన్ ఇచ్చిన భారీ నివేదికలో, నల్లజాతి పిల్లల మార్కులతో బడి సౌకర్యాల కంటే ‘నా భవిష్యత్తు మీద నాకు పట్టుంది’ అన్న భావనకే ఎక్కువ సంబంధం కనిపించింది. ఇంకేం కావాలి? పట్టు ఉందని నమ్మించండి చాలు, మార్కులు వాటంతటవే వస్తాయి అన్నారు. కానీ అదే వాక్యాన్ని తిప్పి చదవచ్చు కదా. పట్టు నిజంగా ఉన్న పిల్లలే పట్టు ఉందని చెప్పి ఉండొచ్చు.

‘బయట’ అంటే ఎక్కడ

విజయనగరంలో అద్దె గదిలో ఉంటూ డీఎస్సీకి చదువుకునే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇలాంటివాళ్ళు ఊహలో కంటే బయటే ఎక్కువమంది ఉన్నారు లెండి. 2018 తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చింది. అంతలో ఎన్నికలు, కొత్త ప్రభుత్వం. ఆ నోటిఫికేషన్ రద్దయింది. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఈ ఏడేళ్ళలో ఆ అమ్మాయి రోజూ చదివింది. ‘ఉద్యోగం రావడం మీ కష్టం మీద ఆధారపడుతుందా?’ అని 2023లో అడిగితే ఏం చెప్పాలి? ‘లేదు’ అంటే రోటర్ స్కేలు మీద ఒక మార్కు పెరిగి బయటివైపు జరుగుతుంది. కానీ ఆమె జాతకం నమ్మి ఆ మాట అనడం లేదు. నోటిఫికేషన్ ఎవరి చేతిలో ఉందో ఆమెకి తెలుసు.

ఈ చిక్కుని హానా లెవెన్సన్ 1970ల మొదట్లో పట్టుకుంది. బయట అనేది ఒకటి కాదు, రెండు అంది. ఒకటి అదృష్టం, అంటే పద్ధతీ పాడూ లేనిది. రెండోది పెత్తనం ఉన్న మనుషులు: అధికారి, యజమాని, నాయకుడు. పెత్తనానికి పద్ధతి ఉంటుంది. ఎవరు సంతకం పెడితే ఫైలు కదులుతుందో కనుక్కోవచ్చు. కాబట్టి ఆమె ప్రశ్నావళిలో 24 వాక్యాలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 8: నేను, పెద్దలు, అదృష్టం. ఒక్కో వాక్యానికి గట్టిగా ఒప్పుకోవడం నుంచి గట్టిగా కాదనడం దాకా ఆరు మెట్లు. మూడు స్కోర్లు విడివిడిగా, ఒక్కోటి 0 నుంచి 48 దాకా. వాటిని కలిపి ఒకటిగా చేయరు. ఒకే మనిషికి ‘నేను’, ‘పెద్దలు’ రెండూ ఎక్కువగా రావచ్చు, వస్తాయి కూడా.

మన ఊళ్ళలో పైరవీ చేసే మనిషిని చూడండి. ‘ఎమ్మెల్యే గారి లెటర్ లేకపోతే ఏ పనీ అవదు’ అని గట్టిగా నమ్ముతాడు. నమ్మి ఇంట్లో కూర్చుంటాడా? తెల్లవారకముందే స్నానం చేసి, ఫైలు చంకలో పెట్టుకుని ఆ గుమ్మం ముందుంటాడు. రోటర్ లెక్కలో ఇతనూ, లాటరీ టికెట్టు కొనుక్కుని ఎదురు చూసేవాడూ ఒకే బుట్టలో పడతారు. ఇద్దరిలో ఒకడికి కాళ్ళు అరిగిపోతున్నాయి!

మత్స్యకారుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్ళిన కొందరు 2018 చివర్లో పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. వల లాగడం వాళ్ళ చేతిలో ఉంది. చేప పడడం సముద్రం చేతిలో ఉంది. బోటు ఎంత దూరం వెళ్ళాలన్నది బోటు నడిపించే తండేలు చేతిలో ఉంది. విడుదల రెండు ప్రభుత్వాల చేతిలో ఉంది. ఈ నాలుగింటినీ ఒక్క స్కోరులో కుక్కితే దేన్ని కొలిచినట్టు?

ఇంకో గీత కూడా గీయాలి. 1969లో పట్రీషియా గురిన్, ఆమె సహచరులు అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కాలేజీ విద్యార్థుల జవాబులు పరిశీలించారు. ‘నేను’ అన్న వాక్యాలకీ, ‘మనుషులు’, ‘జనం’ అన్న వాక్యాలకీ జవాబులు ఒకే దారిలో నడవలేదు. ‘నా జీవితం మీద నాకు పట్టుంది’ అనే కుర్రాడే ‘మా వాళ్ళు వెనకబడింది కష్టపడక కాదు, వ్యవస్థ వల్ల’ అని కూడా అన్నాడు. అలా వ్యవస్థ వైపు వేలు చూపినవాళ్ళే కలిసికట్టుగా పోరాడడానికి ముందున్నారు. పాత లెక్కలో ఆ జవాబు ‘బయటిది’, అంటే చేతులు ముడుచుకునే రకం. వీధిలో చూస్తే వ్యవహారం తిరగబడింది.

సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. థర్మల్ ప్లాంటు వస్తే బీల పోతుందని, నిర్ణయం తమ చేతిలో లేదని తెలిసే జనం కూర్చున్నారు, నడిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటు రాలేదు. ఆ ఏడాది అక్కడ ‘మీ ఊరి భవిష్యత్తు ఎవరి చేతిలో ఉంది?’ అని అడిగితే ఎక్కువమంది ‘పైవాళ్ళ చేతిలో’ అనే ఉంటారని నా ఊహ. ఆ జవాబు చూసి వాళ్ళకి చొరవ లేదని రాసేస్తే అంతకంటే పొరపాటు ఉండదు.

కర్మ ఏ గడిలో పడుతుంది

ఎంఈడీ విద్యార్థులు స్కేలు తెలుగు చేసుకుని సర్వేకి తీసుకెళ్ళినప్పుడు మొదట తగిలే గోడ ఇదే. ‘నా ఖర్మ’ అన్నవాడికి ఏ మార్కు వేయాలి? అదృష్టం కింద వేసేస్తారు చాలామంది. కానీ కర్మ సిద్ధాంతం ప్రకారం అది ఎవరో ఇచ్చింది కాదు, తాను చేసుకున్నదే. అంటే కారణం లోపలిది. అయితే ఈ జన్మలో ఇప్పటికిప్పుడు మార్చలేనిది. లోపలిదే, కానీ చేతిలో లేదు. రోటర్ గీసిన ఒంటి గీత మీద దీనికి చోటే లేదు.

బెర్నార్డ్ వీనర్ 1970లలో ఈ గీతని మూడు గీతలుగా విడదీశాడు. కారణం లోపలిదా, బయటిదా? ఎప్పుడూ ఉండేదా, వచ్చిపోయేదా? మార్చగలిగేదా, కాదా? ‘నాకు లెక్కలు రావు’ అన్నదీ ‘నేను సరిగ్గా చదవలేదు’ అన్నదీ రెండూ లోపలివే. మొదటిది పిల్లాణ్ణి ముంచేస్తుంది, రెండోది లేపుతుంది. కాబట్టి ‘లోపలి మొగ్గు పెంచండి’ అన్న సలహా సగం సలహానే. పదో తరగతి తప్పినవాడికి ‘తప్పు నీలోనే ఉంది’ అని నూరిపోస్తే స్కోరు లోపలికి జరుగుతుంది, పిల్లాడు నీరసపడతాడు.

మన సామెతల్లో ఈ మూడు గీతలూ ఎప్పటినుంచో ఉన్నాయి. ‘గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ’ అన్నట్టు ఉండకూడదని వెక్కిరించే నోరే, ‘తానొకటి తలిస్తే దైవమొకటి తలచును’ అని నిట్టూరుస్తుంది. ఒకే ముసలమ్మ ఒకే పూటలో రెండూ అంటుంది. మొదటిది మనవడు చదవనప్పుడు, రెండోది మనవడు చదివీ తప్పినప్పుడు. ఆవిడ మాట మార్చింది అనుకోకూడదు. పరిస్థితికి తగ్గ కారణాన్ని తీసి వాడింది.

గెలుపుకీ ఓటమికీ లెక్క వేరుగా ఉండాలన్న సంగతి కూడా పరిశోధకులకి త్వరగానే తట్టింది. 1965లో వర్జీనియా క్రాండాల్, సహచరులు పిల్లల చదువు కోసం 34 ప్రశ్నల ప్రశ్నావళి ఒకటి చేశారు. సగం మంచి మార్కులు వచ్చినప్పటి గురించి, సగం రానప్పటి గురించి. రెండు స్కోర్లు వేరుగా వేశారు. గెలుపు తనదీ, ఓటమి టీచర్‌దీ అనేవాడు ఒక రకం. రెండూ నావే అనేవాడు ఇంకో రకం. కలిపి సగటు తీస్తే ఈ తేడా కరిగిపోతుంది.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. ర్యాంకు వచ్చిన పిల్లాణ్ణి ‘ఎలా సాధించావురా’ అని పెద్దవాళ్ళు అడిగితే ‘అంతా పైడితల్లమ్మ దయండి, మాస్టార్ల ఆశీర్వాదం’ అంటాడు. రాత్రి పన్నెండు దాకా చదివిన సంగతి వాడికీ తెలుసు, అడిగినవాళ్ళకీ తెలుసు. ‘నా కష్టమేనండి’ అంటే తల పొగరు అనుకుంటారు. ఇది నమ్మకం కంటే ముందు మర్యాద. ఎదురుగా కూర్చుని అడిగిన సర్వేలో ఈ మర్యాద మొత్తం స్కోరులోకి వచ్చి చేరుతుంది. అదే పిల్లాడు కాగితం మీద పేరు రాయకుండా జవాబిస్తే వేరే మనిషి కనిపించొచ్చు.

ఉద్దానం, తుఫాను, నిజంగా చేతిలో లేనివి

ఆరోగ్యానికి ప్రత్యేకంగా ఒక స్కేలు ఉంది. 1978లో వాల్‌స్టన్ దంపతులు, డెవెలిస్ కలిసి చేసినది. 18 వాక్యాలు: నా ఆరోగ్యం నా చేతిలో, డాక్టర్లు ఇంట్లోవాళ్ళ చేతిలో, అదృష్టం చేతిలో. షుగరు, బీపీ, పొగ మానడం లాంటి విషయాల్లో దీన్ని విపరీతంగా వాడారు. షుగరు ఉన్నవాడు ‘నా చేతిలో లేదు’ అంటే కంగారు పడాల్సిందే, ఎందుకంటే తిండీ నడకా మందూ చాలావరకు ఉన్నది వాడి చేతిలోనే.

ఇప్పుడు అదే స్కేలు పట్టుకుని కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళండి. దశాబ్దాలుగా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. షుగరూ బీపీ లేనివాళ్ళకి, పొలం పనిచేసే మామూలు మనుషులకి వస్తోంది. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణమని ఏ ఒక్కదాన్నీ తేల్చలేదు. హిరమండలం నుంచి నది నీళ్ళు పైపుల్లో తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. అక్కడ డయాలసిస్ మంచం మీద ఉన్న రైతు ‘ఎవరికొస్తాదో ఎవరికి రాదో, ఎవుడు సెప్పగల్డు’ అంటే స్కేలు దాన్ని ‘అదృష్టం’ గడిలో వేసి, ఆరోగ్యం పట్ల బాధ్యత లేని వైఖరి అని సూచిస్తుంది. నిజానికి ఆ మాట సైన్సు ఇవాళ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ఉంది. అందరికంటే ఎక్కువ మార్కులు ఇవ్వాల్సిన జవాబుకి స్కేలు తక్కువ మార్కులు వేస్తుంది. వేళకి డయాలసిస్‌కి వెళ్ళడం తన చేతిలో ఉందా అని ఆయన్నే వేరుగా అడగాలి. దానికి జవాబు వేరుగా వస్తుంది, ఆ జవాబే డాక్టరుకి పనికొస్తుంది.

తుఫాన్ల విషయంలో ఒక పాత గొడవ ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. 1972లో జాన్ సిమ్స్, డువేన్ బౌమన్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అమెరికాలో సుడిగాలులకి ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువమంది చనిపోతున్నారు, ఎందుకు? ఇల్లినాయ్, అలబామా రాష్ట్రాల వాళ్ళని అడిగి చూశారు. అలబామా వాళ్ళు దేవుడు, అదృష్టం వైపు మొగ్గారు; ఇల్లినాయ్ వాళ్ళు తమ మీదా, వాతావరణ హెచ్చరికల మీదా ఆధారపడ్డారు. కాబట్టి విధిని నమ్మడం వల్లే చావులు ఎక్కువ అన్నట్టు తేల్చారు. తర్వాత వచ్చినవాళ్ళు ఇళ్ళ సంగతి ఏమిటని అడిగారు. దక్షిణాదిలో తేలికపాటి రేకు ఇళ్ళు ఎక్కువ, అక్కడ సుడిగాలులు రాత్రిపూట రావడం ఎక్కువ, చెట్లూ గుట్టలూ అడ్డం వచ్చి కంటికి ముందుగా కనబడవు. ఇవన్నీ పక్కన పెట్టి మనసులోకి తొంగి చూడడం తొందరపాటు.

మన కోస్తా చరిత్ర ఈ వాదనకి ఎవరూ ప్లాను చేయని ప్రయోగం లాంటిది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది వరకు పోయారు. 2013 అక్టోబరులో పైలిన్ వచ్చింది. ఒడిశాలో, మన ఇచ్ఛాపురం వైపు లక్షలమందిని ముందే తరలించారు. చావులు పదుల సంఖ్యకి దిగాయి. ఆ మధ్యలో కోస్తా జనం విధిని నమ్మడం మానేశారా? గంగమ్మకి మొక్కడం మానేశారా? మానలేదు. మారినవి హెచ్చరిక, రేడియో, ఫోను, తుఫాను షెల్టరు, ఎక్కించుకు వెళ్ళే బస్సు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు జనం చాలావరకు బతికారు. కొబ్బరీ జీడీ చెట్లు కూలిపోయాయి. చెట్టుని బస్సు ఎక్కించలేం కదా. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. ఆ తోట పోగొట్టుకున్న మనిషిని మర్నాడు అడిగినా, అయిదేళ్ళకి అడిగినా ఒకే స్కోరు వస్తుందనుకోవడం అమాయకత్వం.

ఒకే స్కోరు రాదని చూపించిన పరిశోధన కూడా ఒకటుంది. 1972లో ఆగ్నెస్ హరికేన్ పెన్సిల్వేనియాలో వరదలు తెచ్చింది. కార్ల్ ఆండర్సన్ అక్కడి చిన్న వ్యాపారుల్ని కొన్నేళ్ళ పాటు వెంటాడి చూశాడు. ఫలితాలు 1977లో వచ్చాయి. లోపలి మొగ్గు ఉన్నవాళ్ళు తక్కువ టెన్షన్ పడి, చేయాల్సిన పని మీద దృష్టి పెట్టారు. అది ఊహించినదే. ఆసక్తికరమైనది రెండోది: అలా నిలదొక్కుకున్నవాళ్ళు ఇంకా లోపలివైపు జరిగారు, బయటి మొగ్గుతో దెబ్బతిన్నవాళ్ళు ఇంకా బయటివైపు జరిగారు. అంటే స్కోరు కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. ఒక్కసారి కొలిచి వదిలేస్తే ఏది ఏదో చెప్పలేం. మన దగ్గర ఎంఈడీ డిజర్టేషన్లు దాదాపు అన్నీ ఒక్కసారి కొలిచి వదిలేసేవే. గైడుకీ తెలుసు, విద్యార్థికీ తెలుసు, గడువు తరుముతుంటుంది.

తరాల మధ్య కూడా స్కోరు మారుతుంది. 2004లో జీన్ ట్వెంజీ, సహచరులు 1960 నుంచి 2002 దాకా జరిగిన అధ్యయనాలు కలిపి చూస్తే, 2002 నాటి సగటు అమెరికన్ కాలేజీ విద్యార్థి 1960ల తొలినాళ్ళ విద్యార్థుల్లో 80 శాతం మంది కంటే బయటి మొగ్గుతో ఉన్నాడు. విధిని తిట్టుకోవడం పేద దేశాల జబ్బు అనుకునేవాళ్ళు ఈ అంకెని ఒకసారి చూడాలి.

అడగాల్సిన పద్ధతి

ఇంతకీ మన జిల్లాల్లో ఎవరైనా దీన్ని కొలవాలనుకుంటే? నా మట్టుకు నేనైతే రోటర్ 29 జతలు పట్టుకుని వెళ్ళను. లెవెన్సన్ మూడు విభాగాలతో మొదలుపెడతాను. చదువు, ఉద్యోగం, పంట, ఆరోగ్యం వేరువేరుగా అడుగుతాను. ‘మీ విషయంలో’ అన్న ప్రశ్నా, ‘మీ ఊళ్ళోవాళ్ళ విషయంలో’ అన్న ప్రశ్నా రెండూ పెడతాను. గెలుపుకి ఒకటి, ఓటమికి ఒకటి. వాటి పక్కనే వాస్తవాల ప్రశ్నలు కొన్ని ఉండాలి: పొలానికి నీళ్ళు కాలవవా వానవా, భూమి సొంతమా కౌలా, గత అయిదేళ్ళలో వలస వెళ్ళారా. వంశధార కాలవ కింద రైతూ, మెట్ట రైతూ ‘పంట నా చేతిలో ఉంది’ అన్న వాక్యానికి వేరే జవాబు ఇస్తే ముందు చూడాల్సింది కాలవని, ఆ తర్వాతే మనసుని.

ఎవరు అడుగుతున్నారన్నది ఇంకో సంగతి. పల్లెలో ట్యాబు పట్టుకుని గుమ్మంలోకి వస్తే అది పథకం సర్వే అనే అనుకుంటారు. పింఛను తీసేస్తారేమో అన్న భయం ఒకరికి, ఇల్లు వస్తుందేమో అన్న ఆశ ఒకరికి. ‘మీ కష్టంతోనే మీరు పైకి రాగలరా?’ అని అడిగితే, అవునంటే సాయం అక్కర్లేదని రాసుకుంటారేమో అని లెక్క వేసుకుని ‘ఏటి సేస్తాం బాబూ, మా సేతిల ఏటుంది’ అంటారు. అది నమ్మకం కాదు, దరఖాస్తు. సచివాలయం ఉద్యోగితో కాకుండా, ఊరికి సంబంధం లేని మనిషితో, మొదటే ‘దీనితో ఏ పథకమూ రాదు, ఏదీ పోదు’ అని చెప్పించి అడిగిస్తే కొంత మేలు.

అప్పుడు కూడా ‘అవునండి’లు కుప్పలుగా వస్తాయి. రోటర్ జతలు వదిలేసి మెట్ల ప్రశ్నలకి వచ్చినందుకు కట్టాల్సిన సుంకం అది. దానికి విరుగుడు కాస్త మోటుదే. ఒకే సంగతిని మొదటి పేజీలో ఒకలా, నాలుగో పేజీలో తిరగేసి అడగాలి. ‘కష్టపడితే ఫలితం తప్పదు’, ‘ఎంత కష్టపడినా ఫలితం గ్యారంటీ లేదు’ రెండిటికీ గట్టిగా అవునన్నవాళ్ళని పక్కకి తీసి, స్కోరు వేసే ముందు వాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. వాళ్ళలో సగం మంది వినకుండా తలూపినవాళ్ళు కావచ్చు. మిగతా సగానికి, రెండు వాక్యాలూ వేర్వేరు ఏళ్ళలో తమకి నిజంగా జరిగినవే కావచ్చు.